అంటుకున్నది దేనికి? క్యాన్సర్ సంకేత ప్రోటీన్ల విషయంలో యాంటీబాడీ సాక్ష్యం

1895లో భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్కులో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి ఈ ప్రసంగాన్ని అంకితం చేస్తున్నాను. ఆయన పేరు చెప్పగానే మనకు మందులు గుర్తొస్తాయి: లెడర్లీ ప్రయోగశాల, ఫోలిక్ ఆమ్లానికి విరోధులుగా పనిచేసే ఔషధాలు, పిల్లల రక్త క్యాన్సర్‌లో వాటితో సిడ్నీ ఫార్బర్ 1948లో చూపిన తొలి ఫలితాలు. వాటికంటే ముందు ఆయన చేసిన ఒక పనిని ఇక్కడ తలుచుకోవాలి. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. అందులో ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది. ఎంత నీలమైతే అంత ఫాస్ఫేటు అని లెక్క. ప్రామాణిక ద్రావణాల మీద పద్ధతి చక్కగా పనిచేసింది. కండరం నుంచి తీసిన రసం దగ్గరకు వచ్చేసరికి మాత్రం రంగు రావలసినంత త్వరగా రాలేదు. కాసేపు ఎక్కువ ఆగి, వచ్చిన అంకె రాసుకుని ముందుకు పోవడం తేలికే. వాళ్లిద్దరూ అలా పోకుండా, ఆ రంగు దేని నుంచి వస్తోందని అడిగారు. అప్పటిదాకా అందరూ కండరంలోని అకర్బన ఫాస్ఫేటుగా లెక్కగట్టినదాంట్లో పెద్ద భాగం నిజానికి క్రియాటిన్‌తో జతకట్టి ఉన్నదని, పరీక్షలో వాడే ఆమ్లంలోనే అది మెల్లమెల్లగా విడిపోతోందని 1927లో తేల్చారు. ఫాస్ఫోక్రియాటిన్ మనకు దక్కింది అలాగే. రంగు వచ్చిందన్నది ఒక సంగతి, ఆ రంగు దేన్ని చూపుతోందన్నది వేరే సంగతి. క్యాన్సర్ పరిశోధనలో యాంటీబాడీల వాడకం ఈ తేడాను పదే పదే మరిచిపోయిందని, ఆ మరుపు ఖరీదు రోగుల దాకా వెళ్లిందని, దీనికి విరుగుడు మన చేతిలోనే ఉందని చెప్పడమే నా ఉద్దేశం.

ముందు విషయం. శరీరంలో ప్రతి కణమూ బయటి నుంచి అందే ఆదేశాల మీద నడుస్తుంది. పెరగడం, ఆగడం, రెండుగా విడిపోవడం, చనిపోవడం కూడా ఆదేశం మీదే. వాటిని ఎక్కువగా కణం పైపొరలో ఉన్న గ్రాహక ప్రోటీన్లు, అంటే రిసెప్టర్లు, అందుకుంటాయి. లోపలి ప్రోటీన్లు ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలిస్తూ ఆ సంకేతాన్ని కేంద్రకం దాకా చేరవేస్తాయి. క్యాన్సర్‌లో ఈ యంత్రాంగమే గతి తప్పుతుంది. కొన్ని రిసెప్టర్లు లెక్కకు మించి పుడతాయి, కొన్ని ఆదేశం లేకుండానే పనిచేస్తాయి. కాబట్టి ఈ కణితిలో ఫలానా సంకేత ప్రోటీన్ ఉందా, ఎంత ఉంది, పనిలో ఉందా అని అడగకుండా నేటి క్యాన్సర్ వైద్యం అడుగు వేయదు. ఆ ప్రశ్నకు ప్రయోగశాల ఇచ్చే జవాబు చాలాసార్లు యాంటీబాడీ ద్వారానే వస్తుంది. జంతువు శరీరం పరాయి పదార్థాన్ని ఎదుర్కోవడానికి తయారుచేసుకునే ఈ అణువుల్ని, ఒకే రకంగా, కావలసినంత కాలం తయారు చేసుకునే దారిని 1975లో కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ చూపారు. 1984లో వాళ్లకు నీల్స్ యెర్నేతో పాటు నోబెల్ వచ్చింది. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి, పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో వెతికే పద్ధతి 1979లో వచ్చింది. దానికి వెస్టర్న్ బ్లాట్ అన్న పేరు 1981లో స్థిరపడింది. ఇక ఆసుపత్రిలో జరిగేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. బయాప్సీ ముక్కను ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనంలో దిమ్మగా పోసి, కొన్ని మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, స్లైడు మీద పరిచి యాంటీబాడీ వేస్తారు. అది అంటుకున్న చోట ఒక ఎంజైము గోధుమరంగు పుట్టిస్తుంది. పెథాలజిస్టు ఆ రంగును చూసి అంకె వేస్తారు.

ఇక్కడే మనం నిదానించాలి. యాంటీబాడీ ఒక ప్రోటీన్‌ను మొత్తంగా గుర్తుపట్టదు. దాని మీద ఉన్న చిన్న ప్రాంతాన్ని, కొన్నిసార్లు వరుసగా ఉన్న ఐదారు అమైనో ఆమ్లాలనే పట్టుకుంటుంది. అంత చిన్న వరుస, లేదా దానికి దగ్గరి వరుస, ఏ సంబంధమూ లేని మరో ప్రోటీన్‌లో ఉండటం ఏమంత అరుదు కాదు. ఆ రెండో ప్రోటీన్ కణంలో వందరెట్లు ఎక్కువగా ఉంటే, పట్టు కాస్త బలహీనమైనా కనిపించే రంగంతా దానిదే అవుతుంది. పైగా ప్రోటీన్ ఉన్న స్థితి మారితే యాంటీబాడీ నడవడి కూడా మారుతుంది. వెస్టర్న్ బ్లాట్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని తీగలా సాగి ఉంటుంది. ఫార్మలిన్ తిన్న కణజాలంలో పక్క ప్రోటీన్లతో ముడిపడి బిగుసుకుపోయి ఉంటుంది. బతికున్న కణం మీద సహజమైన మడతల్లో ఉంటుంది. ఒక స్థితిలో నిజం చెప్పిన యాంటీబాడీ మరో స్థితిలో అబద్ధం చెప్పవచ్చు. అందువల్ల ‘మంచి యాంటీబాడీ’ అనే మాటకు విడిగా అర్థం లేదు. ఏ పద్ధతిలో, ఏ కణజాలంలో, ఏ ప్రశ్నకు మంచిది అన్నదీ కలిపి చెప్పినప్పుడే ఆ మాట నిలబడుతుంది.

ఈ మాటకు బలమైన ఆధారం ఎరిత్రోపోయిటిన్ కథ. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నిజమైన హాని ఉంది, నిజమైన రోగులు ఉన్నారు. ఎరిత్రోపోయిటిన్, పొట్టిగా ఎపో, మూత్రపిండాల్లో పుట్టి ఎముక మజ్జకు ఎర్ర రక్తకణాలు చేయమని చెప్పే హార్మోను. రీకాంబినెంట్ పద్ధతిలో తయారైన ఎపోను కిడ్నీ రోగులతో పాటు, కీమోథెరపీ, రేడియేషన్ వల్ల రక్తహీనత వచ్చిన క్యాన్సర్ రోగులకు కూడా విరివిగా ఇచ్చారు. రక్తం పెరిగితే కణితికి ఆక్సిజన్ బాగా అందుతుందని, అప్పుడు రేడియేషన్ ఇంకా బాగా పనిచేస్తుందని ఆశించారు. 2003లో జర్మనీకి చెందిన మైకేల్ హెంకె బృందం తల, మెడ క్యాన్సర్ ఉన్న 351 మందిలో జరిపిన పరీక్ష ఫలితాలను లాన్సెట్‌లో ప్రకటించింది. హిమోగ్లోబిన్ పెరిగింది, కానీ క్యాన్సర్ అదుపు మాత్రం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే ఎపో తీసుకున్నవాళ్లలోనే అధ్వాన్నంగా ఉంది. వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో 939 మందితో జరిగిన మరో పరీక్షను మరణాలు పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. దీనికి వివరణ కావలసి వచ్చింది. తేలిగ్గా దొరికిన వివరణ ఇది: కణితి కణాల మీదే ఎపో రిసెప్టర్లు ఉన్నాయేమో, మనం మజ్జకని ఇచ్చిన ఆదేశాన్ని కణితి అందుకుని పెరుగుతోందేమో. అప్పటికే అనేక కణితుల్లో ఎపో రిసెప్టర్ ఉందని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పత్రాలు వరసగా వస్తున్నాయి. హెంకె బృందం 2006లో తమ రోగుల కణితుల్ని సి-20 అనే యాంటీబాడీతో రంగు వేసి చూసింది. రంగు వచ్చిన కణితులున్న రోగులకే ఎపో చెరుపు చేసిందని, రానివాళ్లలో ఆ తేడా కనిపించలేదని చెప్పింది. ఇంకేం కావాలి? హాని ఉంది, దానికి తగిన రిసెప్టర్ ఉంది, రెండిటికీ పొంతన కుదిరింది.

అదే ఏడాది స్టీవ్ ఎలియట్, సహచరులు అదే సి-20ను, మరో రెండు వాణిజ్య యాంటీబాడీలను తీసుకుని పరీక్షించారు. ఎపో రిసెప్టర్ బ్లాట్ మీద సుమారు 59 కిలోడాల్టన్ల బరువు దగ్గర ఒక గీతగా, అంటే బ్యాండ్‌గా, కనిపించాలి. సి-20 అక్కడ బ్యాండ్ ఇచ్చిన మాట నిజమే. కానీ 66 కిలోడాల్టన్ల దగ్గర ఇంకొక గట్టి బ్యాండ్ ఇచ్చింది. చాలా పత్రాలు ఎపో రిసెప్టర్ అని చూపించినది ఈ రెండో బ్యాండునే. ఆ చోట ఉన్న ప్రోటీన్‌ను వేరుచేసి గుర్తిస్తే అది హెచ్.ఎస్.పి.-70 కుటుంబానిది. సి-20ని పుట్టించడానికి వాడిన పెప్టైడ్‌లోని వరుసకు దగ్గరి వరుస అందులోనూ ఉంది. హెచ్.ఎస్.పి.-70 అంటే కణం వేడికో, ఆక్సిజన్ కొరతకో, మరే ఒత్తిడికో గురైనప్పుడు ఎక్కువయ్యే రక్షక ప్రోటీన్. ఆక్సిజన్ సరిగా అందని, ఒత్తిడిలో బతికే కణితుల్లో అది ఎక్కువగా ఉండటం ఎదురుచూడవలసిన విషయమే. అలాంటి కణితులు మొండివి కావడమూ ఎదురుచూడవలసినదే. అంటే ఆ గోధుమరంగు ఏదో నిజాన్ని చూపుతూ ఉండవచ్చు, కానీ అది ఎపో రిసెప్టర్ గురించిన నిజం అని చెప్పడానికి వీలు లేకుండా పోయింది. పరీక్షించిన మూడు యాంటీబాడీల్లో ఎం-20 ఒక్కటే బ్లాట్‌కు పనికొచ్చింది. కణజాలం మీద రంగు వేయడానికి మూడింట్లో ఏదీ పనికిరాదని వాళ్లు తేల్చారు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది పెప్టైడ్ పరీక్ష. యాంటీబాడీ నిర్దిష్టంగా పనిచేస్తోందని నిరూపించడానికి ఎన్నో పత్రాల్లో ఆనవాయితీగా చేసే పని ఇది: దాన్ని పుట్టించిన పెప్టైడ్‌ను ముందే యాంటీబాడీతో కలిపి, రంగు పోయిందో లేదో చూస్తారు. పోతే నిర్దిష్టం అని రాస్తారు. కానీ యాంటీబాడీకి పట్టుకునే చోటు ఒకే రకంది. అసలు ప్రోటీన్‌ను పట్టుకునేదీ, పోలిక వల్ల పొరపాటున వేరే ప్రోటీన్‌ను పట్టుకునేదీ ఆ చోటుతోనే. పెప్టైడ్ దాన్ని నింపేస్తే రెండు రంగులూ కలిసే పోతాయి. తమ్ముణ్ణి చూసి అన్న అనుకున్నవాడికి అన్న ఫోటో మళ్లీ చూపించి, పోలిక సరిపోయిందా అని అడిగితే వచ్చే జవాబుకు ఉన్నంత విలువే ఈ పరీక్షకూ ఉంది. నిజంగా కావలసినది ఆ ప్రోటీన్ అసలే లేని కణం. దాని జన్యువును తీసేసిన నాకౌట్ కణం మీద కూడా రంగు వస్తే, ఇక వాదన అక్కర్లేదు. ఉన్నచోట కనబడటం కంటే లేనిచోట కనబడకపోవడమే యాంటీబాడీకి అసలు పరీక్ష.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, అది తేలిగ్గా తోసివేయవలసినది కాదు. ఎలియట్ బృందం ఆమ్‌జెన్ కంపెనీలో పనిచేసేది. ఎపోను అమ్మే కంపెనీల్లో అదొకటి. కణితుల మీద ఎపో రిసెప్టర్ లేదని తేలితే లాభం ఎవరికో చెప్పనక్కర్లేదు. అలాంటివాళ్ల మాట ఎలా నమ్మాలి? జవాబు రెండు వైపుల నుంచి వస్తుంది. ఆ యాంటీబాడీ బజారులో దొరికేదే. ఆ బ్యాండును ఎవరైనా విడదీసి చూడవచ్చు. చెప్పినవాళ్ల ప్రయోజనం ఏదైనా, ప్రయోగం మళ్లీ చేయడానికి తలుపు తెరిచే ఉంది. జర్మనీలో ల్యూబెక్ విశ్వవిద్యాలయంలోని యెల్క్‌మాన్ బృందం కూడా క్యాన్సర్ కణాల్లో పనిచేసే ఎపో రిసెప్టర్ ఉందన్న వాదాన్ని స్వతంత్రంగా పరీక్షించి, తాము చూసిన కణవరుసల్లో దానికి ఆధారం లేదని చెప్పింది. రెండో వైపు ఇంకా ముఖ్యమైనది. యాంటీబాడీ పొరబడినంత మాత్రాన రోగులకు కలిగిన హాని అబద్ధం కాదు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎపో మందుల మీద నల్లగీత పెట్టెలో హెచ్చరిక పెట్టించింది రోగుల పరీక్షల ఫలితాల్ని బట్టే. స్లైడు రంగుతో దానికి పని లేదు. ఆ హెచ్చరిక అలాగే ఉండాలి. పోయింది వివరణ మాత్రమే. తప్పుడు వివరణ చేతిలో ఉన్నంతకాలం సరైన వివరణ కోసం వెతికేవాళ్లు తగ్గిపోతారు. రంగు రాని రోగికి ఎపో ఇవ్వవచ్చునేమో అనే ఆలోచన కూడా ఆ వివరణ నుంచే పుట్టగలదు. అందులో ప్రమాదం ఎంతో ఊహించుకోవచ్చు.

ఇక యాంటీబాడీ గొప్పగా గెలిచిన చోటుకు వద్దాం. హెర్-2 కూడా పెరుగుదల ఆదేశాల్ని నడిపే రిసెప్టరే, సుమారు 185 కిలోడాల్టన్ల ప్రోటీన్. దాని జన్యువు పదిహేడో క్రోమోజోము మీద ఉంది. 1987లో డెన్నిస్ స్లామన్ బృందం 189 రొమ్ము కణితుల్ని చూసి, వాటిలో సుమారు 30 శాతంలో ఈ జన్యువు ప్రతులు పెరిగిపోయి ఉన్నాయని, అలాంటి రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెడుతోందని చెప్పింది. ఇక్కడ వరుసక్రమాన్ని గమనించాలి. ముందు తెలిసింది జన్యువు సంగతి, యాంటీబాడీ దాని తర్వాత వచ్చింది. కాబట్టి యాంటీబాడీ చెప్పినదాన్ని సరిచూడటానికి మొదటి నుంచీ దానితో సంబంధం లేని రెండో దారి చేతిలో ఉంది. 1994లో మైకేల్ ప్రెస్ బృందం హెర్-2 స్థితి ముందే తెలిసిన 187 కణితుల మీద 28 యాంటీబాడీలను వరుసగా ప్రయోగించింది. కొన్ని, ప్రోటీన్ ఎక్కువగా ఉన్న కణితుల్లో అధికభాగాన్ని పట్టుకున్నాయి. కొన్ని దాదాపు ఏదీ పట్టుకోలేదు. అన్నీ హెర్-2 యాంటీబాడీలే, అన్నిటి సీసా మీదా పేరు ఒక్కటే! అంతకుముందు పత్రాల్లో హెర్-2 శాతం ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కలా రావడానికి ముఖ్య కారణం అప్పుడు బయటపడింది. 1998లో ట్రాస్టుజుమాబ్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు, దానితో పాటే ఒక నిర్దిష్టమైన హెర్-2 రంగు పరీక్షకు కూడా అనుమతి ఇచ్చారు. రంగును 0 నుంచి 3 ప్లస్ దాకా లెక్కగట్టి, 3 ప్లస్ అయితే మందు, 2 ప్లస్ అయితే ఫిష్ అనే జన్యు పరీక్షతో తేల్చుకోవాలి అనే పద్ధతి స్థిరపడింది. ఈ విజయం యాంటీబాడీ ఒక్కదానిది కాదు. అనుమానం వచ్చిన ప్రతిచోటా తన మాటను ఇంకొకరి చేత సరిచూపించుకునే ఏర్పాటుది.

అంత ఏర్పాటు ఉన్నా పొరపాట్లు ఆగలేదు. 2007లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘం, పెథాలజిస్టుల కళాశాల కలిసి మార్గదర్శకాలు వెలువరించినప్పుడు, అప్పుడు జరుగుతున్న హెర్-2 పరీక్షల్లో సుమారు 20 శాతం తప్పు కావచ్చునని రాశాయి. యాంటీబాడీ మంచిదే, కానీ ముక్క తీసిన ఎంతసేపటికి ఫార్మలిన్‌లో వేశారు, అందులో ఎన్ని గంటలు ఉంచారు, వేడి ఎంత పెట్టారు అన్నవి చోటుకో రకంగా ఉన్నాయి. అందుకే గంటలోపు ఫార్మలిన్‌లో పడాలని, ఆరు గంటలకు తగ్గకుండా ఉండాలని నియమం పెట్టారు. పైపరిమితిని మొదట 48 గంటలని, 2013లో 72 గంటలని నిర్ణయించారు. ఇక 2022లో పరిస్థితి మరో మలుపు తిరిగింది. ట్రాస్టుజుమాబ్‌కు విషమందును జతచేసిన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, హెర్-2 కొద్దిగా మాత్రమే ఉన్న కణితుల్లో కూడా, అంటే 1 ప్లస్ దగ్గర కూడా, మేలు చేస్తుందని డెస్టినీ బ్రెస్ట్-04 పరీక్ష చూపింది. రోగులకు ఇది పెద్ద శుభవార్త, అందులో సందేహం లేదు. అయితే 3 ప్లస్‌ను మిగతావాటి నుంచి విడదీయడానికి తయారుచేసిన కొలతను ఇప్పుడు 0కీ 1 ప్లస్‌కీ మధ్య గీత గీయమంటున్నాం. ఆ గీత దగ్గర అనుభవమున్న పెథాలజిస్టులు కూడా ఒకరితో ఒకరు ఏకీభవించడం కష్టమని అధ్యయనాలు చెబుతున్నాయి. వాళ్ల చూపులో లోపం లేదు. ఒక ప్రశ్నకు సరిచూసిన సాధనాన్ని ఇంకొక ప్రశ్నకు వాడుతున్నప్పుడు మళ్లీ మొదటి నుంచి సరిచూడాలన్న మాటకు ఇంతకంటే తాజా ఉదాహరణ లేదు.

రెండో దారి లేకపోతే ఏమవుతుందో ఈస్ట్రోజన్ రిసెప్టర్ బీటా చూపించింది. 1996లో స్వీడన్‌లో యాన్-ఓకె గుస్టాఫ్సన్ ప్రయోగశాలలో దీన్ని కనుగొన్నారు. రొమ్ము క్యాన్సర్‌లో దాని పాత్ర గురించి ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు పత్రాలు వచ్చాయి. మేలు చేస్తుందని కొన్ని, కీడని కొన్ని, ఉందని కొన్ని, లేదని కొన్ని. 2017లో స్వీడన్ పరిశోధకులు ఈ ప్రోటీన్‌కు వాడే 13 యాంటీబాడీలను కలిపి పరీక్షిస్తే, అన్ని పరీక్షలూ నెగ్గినది ఒక్కటే. ఆ ఒక్కదానితో చూస్తే వృషణాల్లో, అండాశయాల్లో, లింఫ్ కణాల్లో రంగు వచ్చింది. మామూలు రొమ్ము కణజాలంలో గానీ, రొమ్ము క్యాన్సర్లలో గానీ కనిపించలేదు. మిగిలిన యాంటీబాడీల్లో ఒకటిరెండింటి విషయంలో ఇతర బృందాలు ఆ తీర్పుతో విభేదించాయి. ఆ చర్చ సాగవలసిందే. కానీ ఇరవై ఏళ్ల పరస్పర విరుద్ధ ఫలితాలకు కారణం ఈస్ట్రోజన్ జీవశాస్త్రంలోని ఏదో లోతైన చిక్కు కాదని, సీసాలో ఉన్నదేమిటో అడగకపోవడమేనని అనుకోవడానికి ఇప్పుడు గట్టి ఆధారం ఉంది.

ఇలాంటివి ఎక్కడో జరిగే మినహాయింపులని, సైన్సు తన తప్పుల్ని తానే దిద్దుకుంటుందని, పది పత్రాలు ఒకే మాట చెబితే నమ్మవచ్చునని కొందరు అంటారు. పది పత్రాలూ ఒకే సీసాను వాడితే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. ఇక మినహాయింపుల సంగతి: మాంట్రియల్ కేంద్రంగా పనిచేసే వైకారోస్ బృందం 65 ప్రోటీన్లకు వాడే 614 వాణిజ్య యాంటీబాడీలను నాకౌట్ కణాల మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించింది. అవి ప్రధానంగా నాడీ శాస్త్రానికి చెందిన ప్రోటీన్లు, అయినా పాఠం అందరిదీ. తమ లక్ష్యాన్ని గుర్తించలేకపోయిన యాంటీబాడీలతో చేసిన పత్రాలు ఒక్కో ప్రోటీన్‌కు సగటున పన్నెండు దాకా ఉన్నాయని తేలింది. అదే అధ్యయనం ధైర్యం కూడా ఇస్తుంది. సగానికి పైగా ప్రోటీన్లకు బాగా పనిచేసే యాంటీబాడీ కనీసం ఒకటి బజారులోనే ఉంది. జంతువు రక్తం నుంచి తీసేవాటికంటే, జన్యు వరుస తెలిసి ప్రయోగశాలలో ఒకే రకంగా తయారయ్యే రీకాంబినెంట్ యాంటీబాడీలు మెరుగ్గా నిలబడ్డాయి. అయితే యాంటీబాడీలను పక్కనపెట్టి ఆర్.ఎన్.ఏ. కొలుచుకుంటే పోలేదా అన్నవాళ్లూ ఉన్నారు. ఆర్.ఎన్.ఏ. ప్రోటీన్ తయారీకి ఉత్తర్వు మాత్రమే. ప్రోటీన్ తయారైందా, కణం పొర మీదికి చేరిందా, దాని మీద ఫాస్ఫేటు ఉందా అన్నవి అది చెప్పదు. మందు పట్టుకోవలసినది ప్రోటీన్‌నే. ట్రాస్టుజుమాబ్ హెర్-2లో కణం బయట ఉన్న భాగాన్ని పట్టుకుంటుంది. రోగనిర్ధారణలో వాడే ప్రసిద్ధ యాంటీబాడీలు కొన్ని లోపలి భాగాన్ని పట్టుకుంటాయి. బయటి భాగం తెగిపోయిన హెర్-2 కూడా స్లైడు మీద రంగు ఇస్తుంది, మందుకు మాత్రం చోటు దొరకదు. ఇలాంటి సూక్ష్మాలు యాంటీబాడీతోనే తేలాలి. దాన్ని వదిలేయమనడం లేదు, అది దేన్ని పట్టుకుంటుందో ముందు తెలుసుకోమంటున్నాను.

ఫాస్ఫేటు తగిలిన స్థితిని మాత్రమే పట్టుకునే యాంటీబాడీల సంగతి ఇంకా నాజూకు. సంకేతం నడుస్తోందా లేదా అన్నది అవే చెప్పగలవు. కానీ శస్త్రచికిత్సలో రక్తనాళం బిగించిన క్షణం నుంచి కణితిలోని కణాలు ఒత్తిడికి స్పందించడం మొదలుపెడతాయి. గంటలోపల మొత్తం ప్రోటీన్ల పరిమాణంలో చెప్పుకోదగ్గ మార్పు రాకపోయినా, ఫాస్ఫేటు స్థితి నిమిషాల్లోనే మారిపోవడం మొదలవుతుందని అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో కణితుల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. అంటే స్లైడు మీద కనిపించేది రోగి శరీరంలో ఉన్న కణితి స్థితి కాదు, ఆపరేషన్ బల్ల మీది కణితి స్థితి కావచ్చు. ఇక్కడ యాంటీబాడీ నూటికి నూరు పాళ్లు నిజం చెబుతూనే మనల్ని తప్పుదారి పట్టించగలదు. ఫాస్ఫేటును తొలగించే ఎంజైముతో ఒక ముక్కను ముందే శుద్ధిచేసి, రంగు పోతుందో లేదో చూడటం, ముక్క తీసిన సమయాన్ని రాసిపెట్టడం, ఈ రెండూ లేని ఫాస్ఫో ఫలితం మీద చికిత్స నిర్ణయాలు నిలపకూడదు.

చివరి ఆక్షేపణ మన నేల మీద నుంచి వస్తుంది, అన్నిటికంటే బరువైనదీ అదే. ఇదంతా డబ్బున్న దేశాల జాగ్రత్త, ఫిష్ పరీక్ష ఖరీదు భరించలేక 2 ప్లస్ దగ్గరే ఆగిపోయే రోగులున్న చోట నాకౌట్ కణాల మాట ఎందుకు అంటారు. ఈ మాటలో బాధ ఉంది, లెక్క మాత్రం తలకిందులుగా ఉంది. తప్పు పరీక్ష ఖర్చు పేద రోగి మీదే ఎక్కువ పడుతుంది. అబద్ధపు 3 ప్లస్ అయితే నెలల తరబడి మందు, అప్పు, గుండెకు ప్రమాదం. అబద్ధపు 0 అయితే బతికించగల మందే అందదు. 2014లో బయోకాన్ దేశీయ ట్రాస్టుజుమాబ్‌ను తెచ్చాక మందు మునుపటికంటే ఎక్కువమందికి అందుబాటులోకి వచ్చింది. మందు చవకైన కొద్దీ పరీక్ష నమ్మకంగా ఉండటం ఇంకా అవసరం. పైగా జిల్లా ఆసుపత్రి చేయవలసిన జాగ్రత్తలు ఖరీదైనవి కావు. శనివారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం దాకా చిన్న సీసాలో, చాలీచాలని ఫార్మలిన్‌లో ఉండకుండా చూడటం, ముక్క కోసిన వేళ, ఫార్మలిన్‌లో వేసిన వేళ కాగితం మీద రాయడం, రోగి స్లైడు మీదే తెలిసిన పాజిటివ్, తెలిసిన నెగటివ్ ముక్కల్ని పక్కన పెట్టి రంగు వేయడం. వీటికి కావలసింది పెద్ద పరికరాలు కాదు, గడియారం, కలం, పట్టింపు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో హైదరాబాదు చేరే బయాప్సీకి ఆ రెండు వేళలూ తోడుగా వస్తే, అక్కడి పెథాలజిస్టు చేతిలో సగం పని పూర్తయినట్టే.

పరిశోధన ప్రయోగశాలల బాధ్యత ఇంతకంటే ఎక్కువ. 2016లో మథియాస్ ఊలేన్, ఇంకా పలువురు శాస్త్రవేత్తలు కలిసి యాంటీబాడీని సరిచూడటానికి ఐదు దారులు చెప్పారు: జన్యువును తీసేసి చూడటం, యాంటీబాడీతో సంబంధం లేని పద్ధతితో పోల్చడం, ఒకే ప్రోటీన్‌లో వేరే చోటును పట్టుకునే రెండో యాంటీబాడీతో పోల్చడం, గుర్తు తగిలించిన ప్రోటీన్‌తో పోల్చడం, యాంటీబాడీ పట్టుకొచ్చినదాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీలో చూడటం. ఐదూ అందరూ చేయలేరు, ఏదో ఒకటి ప్రతి ఒక్కరూ చేయగలరు. ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఏడాది పొడవునా వాడే యాంటీబాడీకి ముందుగా రెండు వారాలు ఇందుకు కేటాయించడం ఆలస్యం కాదు, మిగతా ఏడాదికి రక్ష. పత్రంలో యాంటీబాడీ పేరుతో పాటు క్లోను, కేటలాగు సంఖ్య, లాటు సంఖ్య, ఎంత పలచన చేశారు, ఏ నెగటివ్ కంట్రోల్ వాడారు అన్నవి లేకపోతే గైడు సంతకం చేయకూడదు. హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది, విశ్వవిద్యాలయాలున్నాయి, క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి, విశాఖలోనూ ఉన్నాయి. ఇవి కలిసి హెర్-2, ఇ.జి.ఎఫ్. రిసెప్టర్, ఆక్ట్, ఎర్క్ వంటి తరచూ వెతికే సంకేత ప్రోటీన్లకు ఒక్కొక్క నాకౌట్ కణవరుసను తయారుచేసి ద్రవ నత్రజనిలో భద్రపరచవచ్చు. వాటిని ఫార్మలిన్‌లో స్థిరపరిచి, మైనం దిమ్మలుగా పోసి, మామూలు కణాల దిమ్మతో జతగా అడిగిన ప్రయోగశాలకల్లా పంపవచ్చు. ఒక్క దిమ్మ నుంచి వందలాది స్లైడులు వస్తాయి. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ ఆ జతలో ఒక స్లైడుకు ముందు రంగు వేసి, నాకౌట్ వైపు తెల్లగా ఉంటేనే రోగి స్లైడు ముట్టుకోవాలనే నియమాన్ని మన ప్రయోగశాలలు ఈ ఏటి నుంచే మొదలుపెట్టవచ్చు.